పలాస జీడిపప్పు యూనిట్‌లో సలహాల పెట్టె ఎందుకు ఖాళీగా ఉండేదంటే

పొట్టు తీసేవాళ్లకి కూలి కిలో లెక్కన. చీటీ రాస్తూ పది నిమిషాలు ఆగితే ఆ మేర కూలి పోతుంది. పైగా మేస్త్రీ చదువుతాడన్న జంకు.

పెట్టె తీసేశాం. వారానికోసారి పనికి ముందు 15 నిమిషాలు, కూలి కట్టి, నోటిమాటగా అడుగుతున్నాం. "సలహాలున్నాయా" అంటే అందరివీ నేలచూపులే. "నిన్న ఏ ట్రేలో ఎక్కువ విరిగాయి?" అంటే వరసగా చెబుతారు. బోర్మాలో (పప్పుని వేడితో ఎండబెట్టే గది) ఎక్కువ ఎండితే పప్పు విరుగుతుంది, తక్కువైతే పొట్టు వదలదు. అది ముందు తెలిసేది వాళ్ల వేళ్లకే, సూపర్‌వైజర్‌కి కాదు.

వచ్చిన ఆలోచనని ఒక్క బల్ల మీదే ఆరు రోజులు చూడాలి. పక్క బల్ల పాత పద్ధతిలోనే నడవాలి, లేకపోతే పోల్చలేం. రోజూ 10 కిలోలకి విరిగిన పప్పు ఎంతో తూచి, చెప్పినవాళ్ల పేరుతో బోర్డు మీద రాయాలి. పనికిరాకపోతే ఎందుకో వారంలోగా చెప్పాలి.

పని వేగం పెరిగిందని కిలో రేటు మాత్రం తగ్గించొద్దు. ఒక్కసారి తగ్గిస్తే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

బహుమతి చిన్నదైనా ఆ వారం కూలితోనే నగదుగా ఇచ్చేయాలి. దసరా దాకా దాస్తే దేనికిచ్చారో ఎవరికీ గుర్తుండదు.