వరిగడ్డిని యూరియాతో మాగబెట్టి ఆవులకి పెట్టడం ఎలా?

వరి కోతలయ్యాక గడ్డికి కొదవుండదు, పచ్చిమేతకే కటకట. ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే, దాంతో కడుపు నిండుద్ది గానీ పాలు రావు. మాగబెడితే ఆ మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, గడ్డి మెత్తబడుద్ది. చాలామంది ఉప్పునీళ్లు చల్లి అదే గొప్ప అనుకుంటారు, దానివల్ల ఆవు ఇష్టంగా తింటదేమో గానీ గడ్డిలో బలం పెరగదు.

100 కిలోల ఎండుగడ్డి, 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్లు, రెండు టార్పాలిన్లు ఉంటే చాలు. మిషన్‌తో చుట్టిన కట్టలైతే విప్పి దులపండి. ఒక పట్టా పరిచి గడ్డి జానెడు మందాన వేయడం, యూరియా నీళ్లు చల్లడం, తొక్కడం, మళ్లీ వరస వేయడం, అంతే.

అసలు తేడా వచ్చేది యూరియా కలిపేటప్పుడే. దోసిళ్ల లెక్క వద్దు, కాటా వేయాల్సిందే. ఇంకో కిలో వేస్తే ఇంకా బలం అనుకునేవాళ్లు దయచేసి ఆ పని చేయొద్దు, ఎక్కువైతే విషం. డ్రమ్ములో కర్రతో కలిపి, అడుగున చెయ్యి పెట్టి చూడండి, గుళిక ఒక్కటి తగిలినా ఇంకా కరగలేదనే. కరగని గుళికలు గడ్డిలో ఒకచోట పడితే ఆ ముద్ద తిన్న ఆవు ప్రాణం మీదకొస్తది. నీళ్లు కూడా ఒకేచోట గుమ్మరించకుండా స్ప్రేయర్‌తో అన్ని వైపులా సమంగా కొట్టండి. పని అయ్యాక డ్రమ్ములో మిగిలిన నీళ్లు వెంటనే పారబోయాలి, దాహంతో వచ్చిన పశువు అవి తాగితే డాక్టర్ వచ్చేదాకా కూడా ఆగదు.

పైన రెండో టార్పాలిన్ కప్పి అంచులు మట్టితో పూడ్చేయండి, గాలి చొరబడకూడదు. సన్నచిల్లి ఉన్నా యూరియా నుంచి పుట్టే అమ్మోనియా ఘాటు పోయి బూజు పడుద్ది, అందుకే పాత యూరియా బస్తాలు కుట్టి కప్పడం నేను ఒప్పుకోను. 21 రోజుల ముందు తీయొద్దు, ఆదిలాబాద్ లాంటి చలి ప్రాంతాల్లో నాలుగు వారాలు ఉంచండి.

తెరిస్తే గడ్డి ముదురు పసుపు రంగులో ఉండి, ఘాటుకి కళ్లు మండాలి. తెల్లబూజు పట్టిన భాగం పారేయండి. ఆ పూటకి కావాల్సింది తీసి నీడలో గంటసేపు ఆరబెట్టి, మొదటి వారం మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలిపి పెట్టండి, తర్వాత ఆవుకి రోజుకి 5-6 కిలోల దాకా పెంచొచ్చు, కాస్త పచ్చిమేత, మినరల్ మిక్చర్ (ఖనిజ లవణాల పొడి) తోడుండాలి. ఆరు నెలల లోపు దూడలకి అసలు పెట్టొద్దు. తిన్నాక చొల్లు కారుతూ వణికినా, కడుపు ఉబ్బినా మేత ఆపేసి వెంటనే పశువుల డాక్టర్‌ని పిలవండి.