ట్రైలర్ తగిలించారని మీ పికప్‌కి ఎలా తెలుస్తుంది, తెలియనప్పుడు ఎక్కడ చూడాలి

పికప్ వెనక ట్రైలర్ తగిలించి ప్లగ్గు పెట్టగానే డ్యాష్‌బోర్డులో ట్రైలర్ బొమ్మ వెలుగుతుంది, అది చూసి అంతా సరిగ్గా ఉందనుకుని బయల్దేరిపోతారు చాలామంది. దయచేసి అలా వెళ్లకండి. బండికి తెలిసేది వైరు సంగతే, హుక్కు సంగతి కాదు. పికప్ వెనక ఉండే గుండ్రటి బాల్ మీద, దాన్ని పట్టుకునే ట్రైలర్ ముందు కొక్కెం, అంటే కప్లర్, సరిగ్గా కూర్చోకపోయినా, లాక్ పిన్ను మర్చిపోయినా, ప్లగ్గు సాకెట్లో ఉంటే బొమ్మ వెలిగేస్తుంది. మన ఏటిగట్ల మీదా చెరువుగట్ల మీదా ఎదురుగా ఇంకో బండి వస్తే తప్పుకోడానికే చోటుండదు, అక్కడ ట్రైలర్ ఊడిందంటే అటు కాలువ, ఇటు చెరువు.

అందుకే ముందు హుక్కు చూడండి. లాక్ వేశాక ట్రైలర్ ముందు జాకీని నాలుగు చుట్లు తిప్పి పైకి లేపండి. దాంతోపాటు పికప్ వెనక భాగం కూడా కాస్త లేవాలి. కప్లర్ ఒక్కటే లేచి వచ్చిందంటే అది బాల్‌ని పట్టలేదన్నమాట. బాల్ సైజు కప్లర్ మీద రాసినదే ఉండాలి, పెద్ద కప్లర్ చిన్న బాల్ మీద కూర్చున్నట్టే ఉంటుంది, గుంటలో పడినప్పుడు ఎగిరిపోతుంది. రెండు సేఫ్టీ చైన్లూ కప్లర్ కింద ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా వేయండి.

ఇక వైరు. కంపెనీ నుంచే ట్రైలర్ మాడ్యూల్ (ట్రైలర్ లైట్లని చూసుకునే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న బండ్లు లైట్ల వైర్లలోకి చిన్నగా కరెంటు పంపి చూస్తాయి. అవతల బల్బు ఉంటే కరెంటు పారుతుంది, లేకపోతే పారదు. 12 వోల్టుల మీద 21 వాట్ల బ్రేక్ బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడం తేలికే. అలా గుర్తుపట్టాక చాలా బండ్లు వెనక పార్కింగ్ సెన్సార్లని ఆపేస్తాయి, లేకపోతే రివర్స్ వేసినప్పుడల్లా ట్రైలర్‌నే గోడ అనుకుని మోగుతూనే ఉంటాయి. అదే బయట హుక్కు బిగించుకుని, సాకెట్ వైర్లని నేరుగా టెయిల్ లైట్ వైర్లకి కలిపించుకుంటే లైట్లు వెలుగుతాయి గానీ, ట్రైలర్ ఉందన్న సంగతి బండికి అసలు తెలీదు. మీ బండి ఏ రకమో ముందు తేల్చుకోండి.

ట్రైలర్‌కి కొత్తగా ఎల్ఈడీ లైట్లు వేయించాక బొమ్మ రావడం మానేస్తే లైట్లు చెడిపోయాయని కంగారుపడకండి. ఎల్ఈడీ చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, మాడ్యూల్ అక్కడ ఏమీ లేదనుకుంటుంది. దీనికి అదనంగా కాస్త కరెంటు లాగే రెసిస్టర్ వేస్తారు, కానీ అది బాగా కాలుతుంది, ప్లాస్టిక్‌కీ వైర్లకీ తగలకుండా ఇనుము మీద స్క్రూ చేయించండి.

బొమ్మ ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే మాత్రం తొంభై పాళ్లు ఎర్త్, అంటే కరెంటు వెనక్కి పోయే దారి, బాగోలేనట్టే. మొన్న దాళ్వా కోతలప్పుడు మా తమ్ముడు ఏరేటర్లు తీసుకెళ్లే ట్రైలర్‌తో సరిగ్గా ఇదే జరిగింది. స్పీడ్ బ్రేకర్ దాటితే బొమ్మ పోయేది, మళ్లీ వచ్చేది, బ్రేకు నొక్కితే పార్కింగ్ లైటు మసకగా వెలిగేది. మాడ్యూల్ పోయిందన్నా అని వాడు ఒకటే టెన్షన్. ప్లగ్గు విప్పి చూస్తే మూడో పిన్ను దగ్గర తెల్ల వైరు, అదే ఎర్త్ వైరు, పొడుగునా పచ్చగా చిలుము, వేలితో కదిపితే చేతిలోకి వచ్చేసింది, రెండే రెండు పోగులు పట్టుకుని ఉన్నాయి. మరి లైట్లు ఎలా వెలిగాయంటే, కరెంటు బాల్ మీదుగా, కప్లర్ ఇనుము మీదుగా వెనక్కి పోతోంది. గతుకు వచ్చి ఆ రెండూ విడిపోయినప్పుడల్లా బండి దృష్టిలో ట్రైలర్ మాయం. ఉప్పుగాలి తగిలే మన వైపు, రొయ్యల చెరువుల దగ్గర మరీను, ఈ చిలుము ఏ ప్లగ్గునీ వదలదు.

ఏడు పిన్నుల ఐఎస్ఓ 1724 (అంతర్జాతీయ ప్రమాణం) ప్లగ్గులో 1 ఎడమ ఇండికేటర్, 4 కుడి ఇండికేటర్, 5, 7 పార్కింగ్ లైట్లు, 6 బ్రేక్, 3 ఎర్త్. పరీక్ష ఇలా చేయండి. సమతలంగా ఉన్న చోట ట్రైలర్ చక్రాలకి అడ్డు పెట్టి, చైన్లు తీసి, కప్లర్‌ని బాల్ మీంచి లేపి, ప్లగ్గు మాత్రం ఉంచి ఒకరిని బ్రేకు నొక్కి పట్టమనండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక కొస బండి బ్యాటరీ నెగటివ్‌కీ, ఇంకో కొస ట్రైలర్ ఛాసిస్‌లో పెయింటు గీకిన చోటకీ పెట్టండి. అర వోల్టు దాటిందంటే ఎర్త్ బాగోలేదు. వైరుని ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి మళ్లీ బిగించండి, రెండో కొస ఛాసిస్‌కి బోల్టు వేసిన చోట తుప్పంతా సాండ్ పేపర్‌తో రుద్ది మెరిసే ఇనుము మీదే బిగించండి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. తమ్ముడి ట్రైలర్‌కి నేను చేసింది ఇంతే.

ట్రైలర్ ఎటు తిరుగుతోందో కనిపెట్టడం వేరే సంగతి, అది కెమెరా పని. డల్లాస్‌లో ఉన్న మా బావ ఫోర్డ్ ఎఫ్-150లో ఇది ఉంది, ఫోర్డ్ దీన్ని 2016 మోడల్‌తో తెచ్చింది. ట్రైలర్ ముందు కడ్డీ మీద నలుపు తెలుపు గళ్ల స్టిక్కర్ అంటిస్తారు, వెనక కెమెరా ఆ స్టిక్కర్ ఎంత వంగిందో చూసి ట్రైలర్ కోణం లెక్క వేస్తుంది, రివర్స్ వెళ్లేటప్పుడు మీరు చిన్న నాబ్ తిప్పితే స్టీరింగ్ అదే తిరుగుతుంది. స్టిక్కర్ మీద బురద పడినా, లెన్స్ మీద నీళ్లు ఉన్నా దానికి కోణం అందదు, తుడిస్తే చాలు. ట్రైలర్ మారిస్తే టేపు పట్టుకుని కొలతలు మళ్లీ ఇవ్వాలి. ఈ కొలతల దగ్గర బద్ధకించొద్దు. పక్కన వచ్చే బండ్లని చూసే రాడార్‌కి ట్రైలర్ పొడవు తక్కువ ఇచ్చారంటే, ట్రైలర్ చివర పక్కగా వస్తున్న బైకు గురించి అది మిమ్మల్ని హెచ్చరించదు.

చెరువు దగ్గర వదిలేసిన ట్రైలర్ రాత్రి ఎక్కడుందో తెలియాలంటే ఇవేవీ పనికిరావు, ప్లగ్గు తీసిన క్షణం నుంచీ బండికి ట్రైలర్‌తో సంబంధం లేదు. సొంత బ్యాటరీ, సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్ విడిగా పెట్టుకోవాలి. ఇనుప పెట్టెలో దాచకండి, సిగ్నల్ రాదు, చెక్క పలక కింద పెట్టండి. విప్పేసిన ప్లగ్గుని నేల మీద పడేయకుండా నోరు కిందికి ఉండేలా ట్రైలర్‌కే కట్టేయండి, వాన నీళ్లు లోపల నిలవవు.