పైమాల్ క్రాష్ అయినప్పుడు తప్పు స్క్రిప్టుదా, గ్రాఫిక్స్‌దా?

ప్రోటీన్ నిర్మాణాలను చూసే పైమాల్ అనే సాఫ్ట్‌వేర్ అకస్మాత్తుగా మూతపడితే చాలామంది వెంటనే దాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దానికంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. టెర్మినల్‌లో పైమాల్ పేరు తర్వాత హైఫన్, చిన్న సీ అక్షరం, ఆపై స్క్రిప్టు (ఆదేశాలు వరుసగా రాసిన) ఫైలు పేరు ఇస్తే, కిటికీ (విండో) తెరవకుండా, తెరమీద బొమ్మ గీసే ఓపెన్‌జీఎల్ జోలికి పోకుండా స్క్రిప్టు నడుస్తుంది. అలా నడిపినా ఆగిపోతే లోపం స్క్రిప్టులోనో, డేటా ఫైలులోనో, మెమరీలోనో ఉంటుంది. కిటికీ తెరిచినప్పుడే ఆగితే గ్రాఫిక్స్‌ను అనుమానించాలి. హైఫన్ కే జతచేస్తే సొంత సెట్టింగుల ఫైలు, ప్లగిన్లు (అదనంగా చేర్చుకున్న పనిముట్లు) లోడ్ కావు కాబట్టి, ఎప్పుడో చేర్చి మరచిపోయిన ప్లగిన్ కారణమైతే అదీ బయటపడుతుంది.

స్క్రిప్టు విషయంలో మొదట ఫైలు పేరు చివరి భాగం చూడండి. పీఎంఎల్ ఫైలులో పైమాల్ ఆదేశాలను నేరుగా రాయవచ్చు. పీవై (పైథాన్) ఫైలులో మాత్రం ప్రతి ఆదేశాన్నీ సీఎండీ అనే పైమాల్ మాడ్యూల్ ద్వారా, బ్రాకెట్లతో పిలవాలి. ఈ రెండూ కలిసిపోతే సింటాక్స్ ఎర్రర్ తప్పదు. పైథాన్ 2 కాలం నాటి స్క్రిప్టులలో బ్రాకెట్లు లేని ప్రింట్ వరుసలు కూడా ఇలాగే ఆగిపోతాయి. ఇంతకంటే చిక్కు పెట్టేది, నిర్మాణాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చే ఫెచ్ ఆదేశం: పాత వెర్షన్లలో డౌన్‌లోడ్ పూర్తి కాకముందే తర్వాతి వరుస నడిచి, అణువు లేనే లేదని ఫిర్యాదు వచ్చేది. దాన్ని ఆపడానికి, డౌన్‌లోడ్‌ను వెనుక నడవనిచ్చే అసింక్ విలువను సున్నా చేయాలి. పైథాన్ 3.7 నుంచి అసింక్ అనేది భాష తనకే ఉంచుకున్న పదం కనుక, పీవై ఫైలులో దాని చివర అండర్‌స్కోర్ తప్పనిసరి.

తప్పు గ్రాఫిక్స్‌లో ఉందని తేలితే, పైమాల్ తెరుచుకునేటప్పుడు ముద్రించే జీఎల్ రెండరర్ వరుసను చదవండి. అక్కడ ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే మీ గ్రాఫిక్స్ కార్డు అసలు వాడకంలో లేదు, సీపీయూయే బొమ్మ గీస్తోంది. ముందు సరైన డ్రైవర్ వేయాలి. కార్డు పేరు సరిగానే కనిపిస్తూ క్రాష్ అవుతుంటే షేడర్లను (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములను) వాడించే యూజ్_షేడర్స్ విలువను సున్నా చేసి చూడండి. వేగం తగ్గినా క్రాష్ ఆగిందంటే, అనుమానం డ్రైవర్ షేడర్లను నడిపే తీరు మీదికి మళ్లుతుంది.

76 అమైనో ఆమ్లాల యుబిక్విటిన్ చక్కగా కనిపించి, లక్షకు మించి పరమాణువులున్న బాక్టీరియా రైబోజోమ్ సర్ఫేస్ (బయటి ఉపరితలం) గీసే దగ్గర ఆగిపోతే మెమరీ చాలడం లేదని అనుకోవచ్చు. అప్పుడు సర్ఫేస్‌ను మొత్తానికి కాక, కావలసిన చెయిన్‌కే (అందులోని ఒక గొలుసుకే) చూపించి, సర్ఫేస్_క్వాలిటీని మైనస్ ఒకటికి దించండి. నాణ్యమైన బొమ్మ తయారుచేసే రే ఆదేశం దగ్గర ఆగితే హ్యాష్_మ్యాక్స్ సెట్టింగు విలువను 100 నుంచి తగ్గించండి. బొమ్మ ఆలస్యంగా తయారైనా మెమరీ తక్కువ పడుతుంది.