గణితపదాల మూలాలు – 6వ పాఠం: గ్నోమోన్

పోయిన పాఠంలో పారాబోలా (పరావలయం) అనే మాటను విడదీసి చూశాం. ఈసారి మాట చిన్నదే, అర్థాలు మాత్రం ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొచ్చాయి. ఆ వరస పట్టుకోవడమే మన పని.

గ్రీకులో గ్నోమోన్ అంటే తెలిసినది, తెలియజేసేది. అందులోని ‘గ్నో’, మన ‘జ్ఞానం’లోని ‘జ్ఞా’ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఇంగ్లిషులో ‘గ’ మింగేసి నోమన్ అంటారు. మీరు మాత్రం గ్నోమోన్ అనే పలకండి, చుట్టరికం చెవికి తెలుస్తుంది.

మొదట అది నేలమీద నిటారుగా పాతిన కర్ర. దాని నీడ పొద్దు ఎంతయిందో చెబుతుంది. బాబిలోనియన్ల దగ్గరే గ్రీకులు దీన్ని నేర్చుకున్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. మన జ్యోతిష గ్రంథాల్లో 12 అంగుళాల (ఇంచీలు కాదు, వేళ్ల వెడల్పులు) శంకువు ఇదే. బడి పుస్తకంలో శంకువంటే వేరే ఆకారం కాబట్టి తికమక పడకండి.

కర్ర నేలకు లంబం. అందుకని లంబకోణం చూసే వడ్రంగి మూలమట్టానికీ అదే పేరొచ్చింది. ఇక్కణ్ణుంచి లెక్కల్లోకి అడుగు పడింది. ఓ గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి, చదివి వదిలేస్తే ఇది ఒంటబట్టదు.

మూలన ఒక పిక్క పెట్టండి. దాని పక్కన ఒకటి, కింద ఒకటి, ఐమూలగా ఒకటి, మొత్తం 3 చేర్చండి. రెండు వరసల చదరం వచ్చింది. దాని రెండు వైపులా మూలమట్టంలా 5 పేర్చండి, తర్వాత 7. ఇప్పుడు లెక్కపెడితే 16, నాలుగు నాలుగుల చదరం. పైథాగరస్ శిష్యులు ఈ బేసి సంఖ్యలనే గ్నోమోన్లు అన్నారు. 1 నుంచి ఎన్ని బేసి సంఖ్యలు వరసగా కూడితే అన్ని వరసల చదరం. పదింటిని కూడితే 100. సూత్రం బట్టీ పట్టే పనే లేదు!

గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ గ్రంథం రెండో భాగంలో దీన్ని చదరం నుంచి సమాంతర చతుర్భుజాలన్నిటికీ విస్తరించాడు. మరో గ్రీకు గణితజ్ఞుడు హెరాన్ పేరుమీదున్న నిర్వచనం ఇంకా ముందుకెళ్లింది: ఒక ఆకారానికి చేర్చినా దాని రూపం మారకుండా పెద్దది చేసే ముక్క ఏదైనా గ్నోమోనే. నాకు అన్నిటికన్నా ఇష్టమైన అర్థం ఇదే. రెండు ఏ4 కాగితాలు పొడుగు అంచులు కలిపి పక్కపక్కన పెట్టండి. 210, 297 మిల్లీమీటర్ల కాగితం 297, 420 అయింది, రూపం అదే. అంటే ఏ4కు గ్నోమోన్ మరో ఏ4!

అభ్యాసం: పిక్కలను త్రిభుజంగా 1, 3, 6, 10 పేర్చి, ప్రతిసారీ చేరిన గ్నోమోన్ ఎంతో రాయండి. తర్వాత 1, 5, 12, 22 పంచభుజాలకూ అదే చెయ్యండి. రెండు జవాబులనూ చదరం గ్నోమోన్ల పక్కన పెట్టి చూడండి. వచ్చే పాఠం అక్కడే మొదలవుతుంది.