ఇంట్లో బీరు – 6వ పాఠం: లవంగాల పంచాయితీ

పోయిన పాఠంలో మసాలా బీరు గురించి చెబుతూ "మరుగు ఆపే ముందు మసాలా కొద్దిగా వేసుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే. మనవాళ్ళ "కొద్దిగా" ఎంత ఉంటుందో తెలిసి కూడా రాశాను. ఒకాయన బిర్యానీ లెక్కన గుప్పెడు లవంగాలు వేశారట. ఇంకొకరు గరం మసాలా పొడే గుమ్మరించారు, ధనియాలతో సహా! "గ్లాసు ఎత్తగానే పళ్ళ డాక్టరు గుర్తొస్తున్నాడు" అని న్యూజెర్సీ నుంచి ఒకరి గోడు. రాక ఏం చేస్తాడు? లవంగానికి ఘాటునిచ్చే యూజెనాల్ అనే పదార్థమే పంటి మందుల్లోనూ ఉంటుంది.

బిర్యానీ గంటలో దమ్ అయిపోతుంది. ఫెర్మెంటర్‌లో, అంటే బీరు పులిసే పాత్రలో, పడ్డ లవంగం మూడు వారాలు నానుతూనే ఉంటుంది. పైగా ఆల్కహాల్ పెరిగేకొద్దీ అందులోని నూనెను ఇంకా లాగుతుంది. లవంగాన్ని ఏరి పారేయొచ్చు, దిగిన ఘాటును తీయలేం. పొడి అయితే ఏరడానికీ కుదరదు, అడుగున బురదలా పేరుకుంటుంది. కాబట్టి పొడి వద్దు. అర చెంచా కూడా వద్దు. "మా అమ్మ ఇంట్లో కొట్టిన పొడి" అయినా వద్దు.

ఇప్పటికే పాడైందా? పారబోయకండి. మసాలా లేకుండా మరో విడత కాచి రెండూ కలపండి, లేదా ఆరు నెలలు చీకట్లో పెట్టి మరిచిపోండి. ఘాటు కొంత తగ్గుతుంది.

ఇకమీదట మరుగులో మసాలా బంద్. 120 మి.లీ. మామూలు వోడ్కాలో వేలెడంత దాల్చిన చెక్క, చితక్కొట్టిన యాలకులు అయిదు, లవంగాలు రెండంటే రెండే, ఒక నారింజ తొక్క వేసి అయిదు రోజులు నాననివ్వండి. తొక్క లోపలి తెల్లపొర చేదు, గీరేయండి. తరవాత కాఫీ ఫిల్టర్‌తో ఒక సీసాలోకి వడకట్టండి. ఈ మసాలా రసాన్నే పులిసిన బీరులో కలుపుతాం. జాజికాయ నేను వేయను, నాకు పడదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో యాంకర్ బ్రూయింగ్ వాళ్ళు 1975 నుంచి ఏటా క్రిస్మస్ బీరు రెసిపీ మార్చేవారు. మీరూ మార్చుకోండి, ఈ సీసాలోనే.

హైదరాబాద్ నుంచి అడిగినవారికి: అక్కడ లైసెన్స్ లేకుండా కాయడం నేరం. ఇది అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం రాస్తున్న పాఠం. ఇక్కడ కూడా అమ్మకూడదు.

హైడ్రోమీటర్ (బీరు సాంద్రత కొలిచే గాజు గొట్టం) అంకె పులియక ముందు 1.088 ఉండి, 1.020 దగ్గర ఆగితే దాదాపు 9 శాతం ఆల్కహాల్ వచ్చినట్టు. బుడగలు ఆగాయని సీసాల్లో పట్టకండి. మూడు రోజుల తేడాతో హైడ్రోమీటర్ రెండుసార్లు ఒకే అంకె చూపాలి. శుభ్రత గురించి మళ్ళీ చెప్పను.

అభ్యాసం: నాలుగు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున బీరు. ఒకటి ఉత్తది, మిగతా మూడింట్లో సిరంజితో 0.2, 0.4, 0.6 మి.లీ. మసాలా రసం. ఏది ఏదో మీకు తెలియకుండా ఇంకొకరు అమర్చాలి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. వరసగా మూడు సాయంత్రాలు, కూర తినకముందే రుచి చూడండి. మూడుసార్లూ ఒకే గ్లాసు నచ్చితేనే లెక్క. 0.4 నచ్చిందనుకోండి, 19 లీటర్లకు 76 మి.లీ. అవుతుంది. నేనైతే 57 పోసి, కలిపి, రుచి చూశాకే మిగతాది ముట్టుకుంటాను.