పాత పింగాణీ పళ్ళెం జపాన్‌దా, చైనాదా?

సమస్య: పళ్ళెం వెనక చైనా చక్రవర్తి పేరు ఉంది. తెలిసినవాళ్ళు మాత్రం జపాన్‌దంటున్నారు.

కారణం: ఆ పేరును నమ్మడమే. జపాన్‌లోని అరితలో 17వ శతాబ్దం మొదట్లో పింగాణీ తయారీ మొదలైంది. అక్కడి పనివారు చైనాలోని జింగ్‌దెజెన్ సరుకును చూసి ఎంతో నేర్చుకున్నారు, వెనక రాసే పేర్లతో సహా. మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా (1465–1487) పేరు అరిత పాత్రల మీద తరచుగా కనిపిస్తుంది. ఆ చక్రవర్తి కాలానికి రెండు శతాబ్దాల తర్వాత చైనా పనివారు కూడా తమ పాత్రల మీద అదే పేరు రాశారు. కాబట్టి ఆ అక్షరాలను బట్టి దేశమూ తేలదు, కాలమూ తేలదు.

పరిష్కారం: అక్షరాలు పక్కనపెట్టి వాటి చుట్టూ వెతకండి. పెద్ద పళ్ళేన్ని బోర్లించి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. నున్నటి పూత మీద అక్కడక్కడ ఆవగింజంత గరుకు చుక్కలు కనిపిస్తాయేమో చూడండి. వేలితో తడిమితే గుచ్చుకున్నట్టు తెలుస్తాయి. ఆవంలో కాలేటప్పుడు వెడల్పాటి పళ్ళెం నడుమ కుంగిపోకుండా అరిత పనివారు కింద సన్నటి మట్టి మేకులు ఆనించేవారు. కాల్చాక వాటిని విరగ్గొడితే మిగిలిన మచ్చలే ఇవి. జింగ్‌దెజెన్ ఎగుమతి సరుకులో ఇవి అరుదు. అందుకే నేను అన్నిటికన్నా ముందు చూసేది వీటినే. అయితే చుక్కలు లేనంత మాత్రాన చైనాదని తేల్చేయకూడదు. చిన్న గిన్నెలకు ఆ ఆసరా అవసరం లేదు.

సమస్య: నీలం, ఎరుపు, బంగారు రంగులు చూసి జపాన్ ఇమారి అనుకున్నది చైనాదని తేలింది.

కారణం: 1644లో మింగ్ వంశం కూలింది. ఆ కల్లోలంలో జింగ్‌దెజెన్ సరుకు దొరక్క డచ్చి వర్తకులు అరిత వైపు తిరిగారు. సరుకు ఇమారి రేవు మీదుగా వెళ్ళేది కనుక ఆ పేరు స్థిరపడింది. తర్వాతి చైనా చక్రవర్తి కాంగ్‌షీ పాలనలో జింగ్‌దెజెన్ కోలుకుంది. పోయిన బేరాన్ని తిరిగి రాబట్టుకోవడానికి 1700 ప్రాంతంలో ఇమారి రంగులనే అనుకరించింది. అంటే ఈసారి చూసి నేర్చుకున్నది చైనా.

పరిష్కారం: ఫోటో సరిపోదు. పాత్రను పగటి వెలుతురులో చేత్తో పట్టుకుని చూడాలి. జపాన్ నీలం సాధారణంగా ముదురుగా, కాస్త నలుపు కలిసినట్టు ఉంటుంది, గీతల అంచులు చెదిరి ఉంటాయి. చైనా నీలం తేటగా ఉంటుంది. జపాన్ ఎరుపు చిక్కన. చైనా ఎరుపు పలచన, కాస్త నారింజ వైపు మొగ్గుతుంది. చైనా పాత్ర తరచుగా పలచగా, తేలికగా ఉంటుంది. అడుగు వలయం దగ్గర పూత ఆగిపోయిన చోట సన్నటి నారింజ గీత కనిపిస్తే చైనా వైపు ఇంకో సాక్ష్యం దొరికినట్టే. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి, రెండు మూడు కలవాలి. రంగుల తేడా కంటికి అలవాటు కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో రెండు దేశాల పింగాణీనీ తీరికగా చూసి రండి.

సమస్య: వెనక ఇంగ్లీషు అక్షరాల్లో ‘నిప్పాన్’ అని ఉంది. అమ్మేవారు 300 ఏళ్ళ నాటిదంటున్నారు.

కారణం, పరిష్కారం: దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1890లో అమెరికా చట్టం చేసింది, 1891 నుంచి అమలు చేసింది. 1921లో ‘నిప్పాన్’ బదులు ‘జపాన్’ అని రాయాలంది. కాబట్టి ఆ ముద్ర ఉన్నవి సాధారణంగా ఈ నడిమి కాలానివి. 300 ఏళ్ళ ధర ఇవ్వకండి.

సమస్య: దంతపు రంగు, ఒళ్ళంతా సన్నటి పగుళ్ళు, బంగారు పని.

పరిష్కారం: అది జపాన్ సత్సుమా కావచ్చు. సత్సుమా అసలు పింగాణీయే కాదు, మట్టిపాత్ర. దీపానికి అడ్డం పెట్టి చూడండి: పలచటి పింగాణీలోంచి వెలుతురు తొంగిచూస్తుంది, సత్సుమాలోంచి రాదు.