సేవకు పేరిచ్చే ముందు టైమ్‌టేబుల్ తీయండి

కాలేజీలో చేరిన ఊపులో కనిపించిన ప్రతి క్లబ్బుకీ, సేవా సంస్థకీ పేరిచ్చేసి, పరీక్షలు దగ్గరపడగానే మాయమైపోవడం మామూలే. దానికంటే ఒక్క పని ఒప్పుకుని, వారానికి రెండు గంటలైనా సరే, అదే రోజు అదే వేళకు వెళ్లడం మేలు.

పేరిచ్చేటప్పుడే మీ పరీక్షలు ఎప్పుడో, ఏ నెల వరకు రాగలరో చెప్పేయండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు, వాళ్లకు కావాల్సిందీ అదే. పిల్లలకు చదువు చెప్పే పనైతే మాత్రం ఒక్కరే ఒప్పుకోకండి. ఇద్దరు కలిసి తీసుకుంటే ఒకరికి పరీక్ష ఉన్నా ఇంకొకరు వెళ్తారు. అక్క వస్తుందని పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చున్న పిల్లకి మీ సెమిస్టర్ గొడవ ఏం తెలుస్తుంది?

మొదటి రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ పిల్లాడు ఏ లెక్క దగ్గర ఆగాడు, గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరికి ఫోన్ చేస్తే పని అవుతుంది, ఇలాంటివన్నీ రాయండి. ఆఖరి సంవత్సరంలో దాన్ని ఒక జూనియర్ చేతిలో పెట్టి, కొన్ని వారాలు మీతో పాటు తిప్పండి. విద్యార్థులు మొదలుపెట్టిన పనులు ఆగిపోయేది డబ్బుల్లేక కంటే ఇలా అప్పగించేవాళ్లు లేకే అని నా అభిప్రాయం.

సర్టిఫికెట్ కోసమే వెళ్తున్నారా? పర్వాలేదు, వెళ్లండి. ఫొటోలు మాత్రం అడిగి తీయండి. పిల్లలవైతే వాళ్ల ఇంట్లోవాళ్లని కూడా అడగాలి.